వరహాలరావు జీపుకు కొత్తల పండుగ

గాలికొండ ఎక్కుడులో ఇప్పుడు బస్సులు ఒక్క ఊపున పోతున్నాయి. రోడ్డు వెడల్పు చేశారు, మలుపులకు తెల్లగోడలు కట్టారు. అయినా ఆ పెద్దమలుపు రాగానే నా చెయ్యి దానంతటదే ముందు సీటు కమ్మీని పట్టుకుంటుంది. కళ్ళు రోడ్డువారకు పోతాయి. అక్కడ పసుపు రాసిన రాయి ఒకటి ఉండేది. అది వరహాలరావన్నయ్య జీపు కోసమే ఉండేది.

మా ఆయన రైల్వే గ్యాంగులో పనిచేసే రోజుల్లో మేము అరకు స్టేషను దగ్గర ఉండేవాళ్ళం. మా క్వార్టర్స్ వెనకే వరహాలరావన్నయ్య పూరిల్లు. నాకు ఆయన చుట్టమేమీ కాదు. వచ్చిన కొత్తలో నాకు చలిజ్వరం వస్తే, ఆయన భార్య రత్నాలు వారం రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించింది. ఆ వారం తర్వాత ఆవిడ నాకు వదినైంది, ఆయన అన్నయ్యయ్యాడు. చుట్టరికాలకు అంతకంటే ఏం కావాలి?

ఆయనది శృంగవరపుకోట పక్క పల్లె. పడుచుతనమంతా జగన్నాథరావు అనే షావుకారు లారీకి డ్రైవరుగా ఉండి, ఈ ఘాట్ రోడ్డు మీదుగా చింతపండూ, అడ్డాకులూ, కలపా దించాడు. తండ్రి పోయాక మామిడితోటలో తన వాటా అన్నదమ్ములకు ఇచ్చేసి, ఆ డబ్బుతో ఎనభై రెండులో కొత్త జీపు కొన్నాడు. దాన్ని నేరుగా సింహాచలం తీసుకెళ్ళి పూజ చేయించాకనే ఘాటు ఎక్కించాడు. అద్దం మీద ‘సింహాద్రి అప్పన్న ప్రసన్నం’ అని ఎర్రరంగుతో రాయించాడు. వాళ్ళకు పిల్లలు లేరు. “ఇదిగో, మా గుంటడు ఒచ్చీనాడు” అంటూ రత్నాలు వదిన జీపు చప్పుడు వినగానే పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చేది.

అనంతగిరికీ అరకుకూ మధ్య ఆ జీపు తిరిగేది. శుక్రవారం అరకు సంత. ఆ రోజు దారిపొడుగునా మన్యం ఊళ్ళ జనం అల్లం బుట్టలతో, పిప్పలి మూటలతో, కోళ్ళతో నిలబడి ఉండేవారు. అన్నయ్య ఎవరి సరుకునూ వదిలిపెట్టి వచ్చేవాడు కాదు. చోటు లేకపోతే బుట్టను తను ఎక్కించుకుని, మనిషిని నడిచి రమ్మనేవాడు. సంతలో ఆ బుట్ట దగ్గరే నిలబడి, వాళ్ళు వచ్చేదాకా కావలి కాసేవాడు. నేనూ శుక్రవారాలు తెల్లవారుతూనే సరదాకొద్దీ ఆయనతో అనంతగిరి దాకా దిగి, ఆ జనంతో మళ్ళీ ఎక్కి వచ్చేదాన్ని.

ఆ రాయి సంగతి చెప్పాలి. బరువుతో గాలికొండ ఎక్కేటప్పుడు జీపుకు ఊపిరి ఆడేది కాదు. ఎక్కుడు మధ్యలో ఆపి, ఇంజను చల్లబరిచి, మళ్ళీ నడపాలి. ఆగగానే ముందు సీట్లో ఉన్న మనిషి దిగి, వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. బండి కదిలిపోయాక ఆ రాయిని రోడ్డు మీద వదలకూడదు. తీసి, దాని చోట దాన్ని పెట్టి, పరిగెత్తుకుని వచ్చి ఎక్కాలి. వెనక వచ్చే బండికి అది అడ్డు కాకూడదని, మన బండికి మళ్ళీ అదే దొరకాలని. అక్కడి ఊరివాళ్ళు ప్రతి మలుపులోనూ ఒక మంచి రాయి చూసి పెట్టి, దానికి పసుపు రాశారు. ఎవరూ అడగలేదు. ఒకరోజు ఉన్నాయి, అంతే.

పెద్దమలుపులో రాయి పెట్టడం గంగ పని. మలుపుకు కొంచెం కిందే జీపెక్కేది; అక్కడి కొండమీది చిన్న ఊరు ఆమెది. నాకన్నా పెద్దది, సన్నగా, నిటారుగా ఉండేది. ముక్కుకు మూడు పోగులు. మలుపులో ఊట ఉంది. రాయి పెట్టి, ఆనపబుర్రతో ఊట నీళ్ళు తెచ్చి రేడియేటరులో పోసేది. పోస్తూ, “తాగు, తాగు. నీ డ్రైవరు నీకు నీళ్ళు కూడా పెట్టడు” అని జీపుతో మాట్లాడేది.

“నానేటి సేసినానే గంగమ్మా?” అని అన్నయ్య స్టీరింగు దగ్గరనుంచి అరిచేవాడు.

“గొడ్డుకి నీళ్ళెట్టకుండా కొండెక్కిస్తావు. నువ్వేటి రైతువి?”

జీపంతా నవ్వులే. ఇంజను చల్లబడేదాకా కాసే ఆ కాసేపూ నాకు సంతకంటే బాగుండేది. ఎవరో ఒకరు ఉడికించిన చిలగడదుంప విరిచి చేతిలో పెట్టేవారు. మనం అడగనక్కర్లేదు.

జీపు కొన్నాక మొదటి చలికాలం వెళ్ళింది. కంపెనీవాళ్ళు ఇచ్చిన గ్యారంటీ గడువు దగ్గరపడింది. అప్పుడు విశాఖపట్నంలో జీపు అమ్మిన షాపునుంచి ధనరాజు అనే మనిషి కిరండోలు పాసింజరులో వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తటి మాట. మంచివాడే. వచ్చీరాగానే రత్నాలు వదినకు “తల్లీ, కాసిని మంచినీళ్ళు” అని, ఇచ్చిన గ్లాసు తనే కడిగి బోర్లించాడు. నాకు ఆ ఒక్క పనితో ఆయన మీద గౌరవం కలిగింది.

“వరహాలరావుగారూ, గ్యారంటీ అయిపోయాక ఇంజను పోయినా, గేరుబాక్సు పోయినా ఖర్చు మీదే,” అన్నాడు అరుగు మీద కూర్చుని. “మా షాపు ప్లానులో చేరారనుకోండి, ఇంకో మూడేళ్ళు ఆ పూచీ మాది. సర్వీసింగ్ కూడా అందులోనే. డబ్బు ఒక్కసారే కట్టాలి.”

“మరి నెలనెలా బండి విశాపట్నం దించాలా?”

“దించాలి. మా మెకానిక్కులే చూడాలి. మధ్యలో మరొకరి చెయ్యి పడకూడదు. మీ చెయ్యి కూడా. నీళ్ళూ, ఆయిలూ పోసుకోండి, అంతే. మేము వేసిన సీలు తెగితే మా పూచీ పోయినట్టే.”

ఆయన సంచీలోంచి సన్నతీగ, సీసం పూసలు తీశాడు. ఇంజను మూతకు, గేరుబాక్సుకు, కార్బరేటరుకు తీగ చుట్టి, కొసన సీసం పూస పెట్టి, పట్టకారుతో నొక్కి షాపు గుర్తు వేశాడు. “ఓ నెల ఊరికే చూడండి. డబ్బు ఇప్పుడే వద్దు. చైత్రంలో మీ వైపు వచ్చే ఇటుకల పండుగ వెళ్ళాక వస్తాను. నచ్చితే అప్పుడు కట్టండి,” అన్నాడు.

ఆ ప్లానుకు కట్టవలసింది, రత్నాలు వదిన ఇంటికి పెంకులు వేయించాలని దాచినదానికి సరిగ్గా సరిపోతుంది. అదీ చిక్కు. ఆ సాయంత్రం వదిన చేటలో బియ్యం పెట్టుకుని కూర్చుంది, నేను పక్కనే ఉన్నాను.

“నిరుడు వానకి దేవుడి గూట్లోకి కారినాయి నీళ్ళు. అప్పన్న పటం తడిసిపోనాది. మర్సిపోనావేటి?” అంది వదిన.

“ఇంజనే పోతే నీ పెంకులు వండుకుని తింతామేటే?”

“పోతాది పోతాది అనుకుంతే పోకేటి సేత్తాది! కొత్త బండికి అపశకునాలు పలకమాక.”

“నీకేటి తెలుసు,” అన్నాడు అన్నయ్య. “మా షావుకారు జగన్నాథరావుగారి లారీ ఇంజను బిగిసిపోయిన నాడు బండిలో నానున్నాను. ఒక్క సప్పుడు. అంతే. మళ్ళీ ఆ లారీ రోడ్డెక్కనేదు. షావుకారు గుమ్మంలో కూకుని దాన్ని సూస్తా సూస్తా ముసిలోడైపోనాడు. మనకి ఈ బండి తప్ప ఏటుంది? తోట లేదు, దొడ్డి లేదు.”

వదిన చెరుగుతున్న చేట ఆపింది. తర్వాత అన్నయ్య నావైపు తిరిగాడు. “అప్పలనర్సమ్మా, నువ్వు సెప్పమ్మా. సదూకున్నదానివి.”

నేను చదివింది మా ఊరిబళ్ళో అయిదో తరగతి. “అప్పన్న ముందు రెండు చీటీలు వేద్దామా అన్నయ్యా?” అన్నాను.

“అప్పన్నకి కార్బరేటరు సంగతి ఏటి తెలుసమ్మా!” అన్నాడాయన, వెంటనే చెంపలు వేసుకున్నాడు. వదిన నవ్వు ఆపుకోలేక చేట కింద పెట్టేసింది.

ఆ నెలంతా అన్నయ్య జీపుకు కాపలావాడైపోయాడు. తీగ ఎక్కడ కదులుతుందో, పూస ఎక్కడ రాలుతుందో అని ఒకటే బెంగ. మొదటి శుక్రవారం పెద్దమలుపులో గంగ అలవాటుగా రాయి పెట్టి, బుర్రతో నీళ్ళు తెచ్చి ముందుకు వంగింది. అన్నయ్య ఒక్క దూకు దూకాడు.

“ముట్టకు గంగమ్మా! ముట్టకు! నాను పోసుకుంతాను.”

గంగ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. బుర్ర ఆయన చేతికిచ్చి, నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడింది. ఆ రోజు జీపుతో మాట్లాడలేదు. అరకు దాకా కూడా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె నొచ్చుకుందని అన్నయ్యకు తెలియక కాదు. “సీలు సంగతి సెప్తే ఆళ్ళకి అర్దం కాదమ్మా,” అని నాతో అన్నాడు గాని, ముఖం చిన్నబుచ్చుకునే ఉన్నాడు.

తరువాతి వారం గంగతో పాటు సోంబరు వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో దేవుడికి పూజ చేసేది ఆయనే. తలకు గళ్ళ తువ్వాలు, చేతిలో కర్ర. చేతులు వెనక కట్టుకుని, ముట్టుకోకుండా వంగి, తీగనూ సీసం పూసనూ చాలాసేపు చూశాడు.

“ఎవులు కట్టినారు బాబూ ఇది?”

“విశాపట్నం నుంచి ఒక బాబు ఒచ్చి కట్టినాడు.”

“ముట్టకూడదా?”

“ముట్టకూడదు. నాను కూడా.”

“ఎన్నాళ్ళు?”

“పండగెల్లేదాకా సూద్దామన్నాడు.”

“ముట్టుకుంతే?”

“అంతా పోతాది,” అన్నాడు అన్నయ్య.

సోంబరు తల ఊపాడు. అంతా తెలిసినట్టే ఊపాడు. గంగతో తమ భాషలో రెండు ముక్కలు చెప్పాడు. ఆమె ముఖం విచ్చుకుంది.

ఆనాటి నుంచీ జనం తీరు మారింది. జీపు దగ్గరకు వస్తే గొంతు తగ్గించేవారు. ముందు భాగానికి చీరకొంగు కూడా తగలకుండా పక్కనుంచి తప్పుకుని ఎక్కేవారు. ఒకరోజు బంపరు మీద ఆకుదొన్నెలో గుప్పెడు బియ్యం, ఒక పువ్వు కనబడ్డాయి. “కొత్త బండని ముచ్చట,” అనుకున్నాడు అన్నయ్య. నేనూ అదే అనుకున్నాను.

పండుగకు ముందు శుక్రవారం, పెద్దమలుపుకు కొంచెం కిందనే జీపు తుమ్మినట్టు రెండుసార్లు అదిరి ఆగిపోయింది. గంగ దిగి రాయి పెట్టింది. అన్నయ్య బానెట్ ఎత్తాడు. పెట్రోలులో నలక ఉండి, కార్బరేటరులో సన్నటి దారి మూసుకుపోయింది. ఘాట్లో ఇది మామూలే. ఇంతకుముందు ఎన్నోసార్లు నా కళ్ళముందే చిన్న ఇత్తడి ముక్క విప్పి, నోటితో ఉఫ్ అని ఊది, బిగించి, మేము తమలపాకు నమిలేలోపల బండి తీసేవాడు. ఆ రోజు కూడా చెయ్యి అటే వెళ్ళింది. సీసం పూస దగ్గర ఆగింది. వెనక్కి వచ్చింది.

“ఊదితే పోతాదమ్మా,” అన్నాడు నాతో, ఏడుపు ఆపుకున్న పిల్లవాడిలాగ. “ఊదితే పోతాది. గాని ఊదకూడదు.”

ఎవరి బుట్ట వాళ్ళు నెత్తికెత్తుకున్నారు. నా సంచీ గంగ తీసుకుంది. సంత దొరకదని తెలిసీ కొండమీదుగా నడిచాం. వెళ్ళే ముందు ఒక ముసలాయన తన అంబలి ముంత అన్నయ్య పక్కన పెట్టి, మూత సరిచేసి పోయాడు. మేము అరకు చేరేసరికి సంత విరిగిపోతోంది. గంగ అల్లం అమ్ముడుపోలేదు. ఆమె ఆ బుట్ట రత్నాలు వదిన ఇంట్లో పెట్టి, వదిన పెట్టిన అన్నం తిని, “పాపం, మీ ఆయన” అంది. తన అల్లం గురించి ఏమీ అనలేదు.

అన్నయ్య దగ్గర్లో ఉన్న కాఫీతోట ఆఫీసునుంచి షాపుకు ఫోను చేయించాడు. మెకానిక్కు మర్నాడు రైల్లో అరకు వచ్చి, అక్కడనుంచి బస్సెక్కి మలుపుకు వెళ్ళి, సీలు తీసి, ఊది, మళ్ళీ సీలు వేశాడు. ఒక్క పైసా పుచ్చుకోలేదు. ఆ మాట మాత్రం నిజం చెప్పాలి.

“ఊదడానికి విశాపట్నం నుంచి రైలెక్కి ఒచ్చినాడు!” అంది వదిన. “ఆడి నోరేటి, బంగారపు నోరా?”

“ఈ రోజు ఊదుడు. రేపు ఇంజను కావొచ్చు కదే,” అన్నాడు అన్నయ్య నీరసంగా. ఆయన మనసు ఇంకా ప్లాను వైపే ఉంది. షావుకారు గుమ్మంలో కూర్చున్న దృశ్యం ఆయన కళ్ళముందునుంచి పోలేదు. ధనరాజు వస్తే కట్టేద్దామని తీర్మానించుకున్నాడు. వదిన ఇక ఎదురు చెప్పలేదు. పెంకుల డబ్బు మూట తీసి అప్పన్న పటం ముందు పెట్టింది.

అంతలో చైత్రమాసం, ఆ ఇటుకల పండుగ వచ్చింది. ఆ రోజుల్లో మన్యంలో మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురు గడ పట్టుకుని, పాటలు పాడుతూ బళ్ళను ఆపి, పండుగ డబ్బులు అడుగుతారు. అన్నయ్య ఏటా చిల్లరతో పాటు బెల్లం పొట్లాలు కూడా పట్టుకెళ్ళేవాడు. గంగ వాళ్ళ ఊరివాళ్ళు ఆ ఏడు మమ్మల్నందరినీ రమ్మని మరీ మరీ చెప్పారు. జీపులో వదినా, నేనూ కూడా వెళ్ళాం.

వెదురు గడ దగ్గర అన్నయ్య జేబులో చెయ్యి పెట్టబోతే ఆడవాళ్ళు గడ ఎత్తేశారు.

“ఈయేడు నీ కాడ పుచ్చుకోం,” అన్నారు. “పైకి పద. సోంబరు సూస్తన్నాడు.”

ఊరు చిన్నది. పేడతో అలికిన అరుగులు, ఎర్రమట్టి గోడలు. మధ్యలో మామిడిచెట్టు కాయలతో వంగిపోయి ఉంది. ఆ కాయల సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఈ రోజుల్లోనే కొత్తల పండుగ చేసి, మొదటి కాయలు దేవుడికి పెట్టేదాకా ఆ ఊళ్ళో ఎవరూ మామిడికాయ ముట్టరు. రాలిన కాయ కూడా ఏరరు. చంటిపిల్లలు సైతం చెట్టుకింద ఆడుకుని ఉత్తచేతులతో ఇంటికి పోతారు. దేవుడికి పెట్టాక ఇక అందరిదీ. చూస్తే నాకు మా సింహాచలం చందనోత్సవం గుర్తుకొచ్చింది. ఏడాదంతా కప్పి ఉంచి ఒక్కరోజు చూపించే దేవుడు మావాడు. నియమం ఎవరిదైనా భక్తి ఒక్కటే.

మమ్మల్ని అరుగుమీద చాపవేసి కూర్చోబెట్టారు. దేవుడికి పెట్టిన మామిడి ముక్కలు కలిపిన అన్నం ఆకుల్లో పెట్టారు. డప్పు మోగుతోంది. జీపు చుట్టూ ఆడవాళ్ళు చేరారు. బానెట్ ఎత్తి పువ్వులు పెడుతున్నారని నేను మురిసిపోయాను. గంగ చేతిలో కొడవలి తళుక్కుమంది. ఒక కోడి అరిచి ఆగిపోయింది. పసుపునీళ్ళు చల్లారు. అందరూ ఒక్కసారి కేక పెట్టారు. సంతోషపు కేక.

సోంబరు ఆకుదొన్నె రెండు చేతులతో పట్టుకుని అరుగు దగ్గరకు వచ్చాడు. దొన్నెలో ఒక మామిడి ముక్క, పక్కనే సీసం పూస, మెలిపడిన తీగ.

“కొత్త అయిపోనాది బాబూ,” అన్నాడు. “నీ బండికి నియమం తీరిపోనాది. ఇంక ఎవులైనా ముట్టొచ్చు. నువ్వు కూడా.”

అన్నయ్య నోట్లో అన్నం అలాగే ఉండిపోయింది. వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

గంగ సోంబరు వెనకనుంచి ముందుకు వచ్చింది. “నెల్లాళ్ళు సూసినాం. నువ్వూ ముట్టనేదు. ఆ రోజు కొండమీద బండి ఆగిపోతే నీ సెయ్యి ఎల్లి ఎనక్కి ఒచ్చింది, నాను సూసినాను. నీ నియమం గట్టిది బాబూ. ఊరోళ్ళం అనుకున్నాం, మా మామిడితో పాటు డ్రైవరు బండికీ సేసేద్దారని. కోడి నాదే.”

డప్పు ఆగింది. ఊరంతా ఆయన ముఖంకేసి చూస్తోంది. ఆయన మెల్లగా అన్నం మింగాడు. దొన్నె అందుకున్నాడు. మామిడి ముక్క కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు.

“మంచిపని సేసినారు,” అన్నాడు. మళ్ళీ అన్నాడు, అందరికీ వినబడేటట్టు. “మంచిపని సేసినారమ్మా.”

తిరిగి వచ్చేటప్పుడు పెద్దమలుపు ఎక్కుతున్నాం. అక్కడ వదిన పక్కకు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని కదలసాగింది. ఏడుస్తోందనుకుని నేను వీపు మీద చెయ్యి వేశాను. నవ్వుతోంది. అన్నయ్య ఒక్కసారి ఆమెకేసి చూశాడు. అంతే, జీపు పక్కకు ఆపి, స్టీరింగు మీద తలపెట్టుకుని ఆయనా నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాడు. ఆ నీళ్ళు నవ్వుకు వచ్చినవో కావో నాకు తెలియదు.

పండుగ వెళ్ళాక ధనరాజు వచ్చాడు. బానెట్ ఎత్తి చూసి, ఇంజనుకు అంటిన పసుపునూ, కార్బరేటరు మీది ఎండిన పువ్వునూ చూసి, అన్నయ్యవైపు తిరిగాడు. జరిగింది అన్నయ్య దాచకుండా చెప్పాడు. ధనరాజు కోప్పడలేదు. “నేను చూడలేదనుకోండి. ఇవాళ కట్టేస్తే కొత్త సీలు వేసి వెళతాను,” అన్నాడు. నిజంగా మంచి మనిషి.

“ఒక్కమాట అడుగుతాను బాబూ,” అన్నాడు అన్నయ్య. “బ్రేకులు అరిగిపోతే మీ ప్లానులో ఒస్తాయా?”

“రావు. అరిగే సామాను రాదు.”

“క్లచ్చి ప్లేటు? కమాను పట్టీలు? టైర్లు?”

“అవీ రావండీ. ఇంజనూ గేరుబాక్సే.”

“మా ఘాట్లో ఎక్కువ పోయేవి అరిగేవే బాబూ,” అన్నాడు అన్నయ్య. కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. “మీ పూచీ మంచిదే. కాదననను. గాని అది విశాపట్నంలో ఉంతాది. నా బండి ఆగేది గాలికొండ మీద. అక్కడ రాయెట్టేది గంగమ్మ, నీళ్ళు పోసేది గంగమ్మ. ముట్టకండని ఆళ్ళకి ఒకపాలి సెప్పినాను. రెండోపాలి సెప్పలేను. నాకు నోరు రాదు.”

ధనరాజు తీగా, పట్టకారూ సంచీలో పెట్టేసుకున్నాడు. “ఇంజను పోతే మాత్రం కష్టమండీ,” అన్నాడు చివరికి.

“తెలుసు బాబూ.”

రత్నాలు వదిన అప్పన్న పటం ముందున్న మూట తీసింది. సగం పెంకులకు, సగం అన్నయ్య చేతికి ఇచ్చింది. ఆ సగంతో క్లచ్చి ప్లేటూ, బ్రేకు సామానూ కొని ఇంట్లో పెట్టుకుంటే మంచిదని ధనరాజే సలహా చెప్పాడు. ఏ ఆయిలు ఎప్పుడు మార్చాలో అరగంట కూర్చుని వివరించాడు. సాయంత్రం రైలుకు వదిన ఆయన చేతిలో ఒక పనసకాయ పెట్టింది. దాన్ని తెల్లచొక్కాకు ఆనించుకుని ఆయన ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే మేమంతా నవ్వాం, ఆయన కూడా.

పెంకులు దేవుడి గూడున్న గది వరకే సరిపోయాయి. ఆ ఏడు వానకు అప్పన్న తడవలేదు.

ఇంజను మూడో వానాకాలంలో పోయింది. ప్లానులో చేరి ఉంటే ఆ ఖర్చు షాపువాళ్ళదే అయ్యేది. ఈ మాట అన్నయ్యే అందరికీ చెప్పేవాడు, నేనెందుకు దాచాలి? దాన్ని బాగుచేయించుకోవడానికి ఆయన అరకులో పరాయి లారీ తోలాడు, వదిన కాఫీతోటలో పళ్ళు కోసింది. వాళ్ళ మిగతా ఇల్లు ఇంకా కొన్నేళ్ళు పూరిల్లుగానే ఉండిపోయింది.

కాని ఇంజను పోయిన రోజు నేను జీపులోనే ఉన్నాను. పెద్దమలుపుకు కిందనే. షావుకారు లారీ చేసిన చప్పుడే, ఒక్కటే చప్పుడు. అన్నయ్య స్టీరింగు వదలకుండా అలాగే కూర్చుండిపోయాడు. సన్నటి వాన. కింద అనంతగిరి వైపు కొండచరియ పడి రోడ్డు మూసుకుపోయింది. దించే దారి లేదు. పైకి ఎక్కించగలిగితే మాత్రం, అక్కడనుంచి అరకు దాకా పల్లమే. కాని ఎవరు ఎక్కిస్తారు?

చక్రానికి రాయి అప్పటికే పడింది. ఎవరు కబురు పెట్టారో తెలియదు. కొండమీదనుంచి గొడుగుల్లాంటి ఆకుతట్టలు నెత్తిన పెట్టుకుని జనం దిగడం మొదలైంది. సోంబరు ఊరు, పక్క ఊరు, ఇంకో ఊరు. గొడ్లను కట్టే తాళ్ళు తెచ్చారు. అడవితీగలు పేనిన మోకులు తెచ్చారు. అంతా జీపు చుట్టూ నిలబడ్డారు గాని ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

గంగ కిటికీ దగ్గరకు వచ్చి వంగింది. ముక్కుపోగుల మీదనుంచి వానచుక్కలు జారుతున్నాయి.

“ముట్టొచ్చా, డ్రైవరా?”

అన్నయ్య ఆమెకేసి చూశాడు. “ముట్టండమ్మా,” అన్నాడు. “అందరూ ముట్టండి.”

మోకులు కట్టారు. సోంబరు పాట ఎత్తుకున్నాడు. పాట ఒక వరస పాడితే ఒక లాగు. ఆగినప్పుడల్లా రాయి. మళ్ళీ లాగు. నేను కూడా దిగి వెనకనుంచి తోశాను. విష్ణుసహస్రం గుర్తు తెచ్చుకోబోతే వాళ్ళ పాటే నోటికి వచ్చింది. పొద్దు వాలేసరికి జీపు పైకి చేరింది. ఒకటే కేకలు. వరహాలరావన్నయ్య దిగి, దొరికిన చేతినల్లా పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. గంగ చెయ్యి కోసం చుట్టూ వెతికాడు.

“గంగమ్మేది? గంగమ్మెక్కడ?”

ఆమె మాలో లేదు. కిందకు చూశాం. వానలో, ఎవరూ లేని ఆ ఎక్కుడు రోడ్డు మీద, గంగ ఒక్కతే దిగి వెళుతోంది. పెద్దమలుపు దాకా వెళ్ళి, రోడ్డు నడుమ మిగిలిపోయిన పసుపు రాయిని వంగి ఎత్తి, దాని చోట దాన్ని పెట్టింది.